ల్యాప్‌టాప్‌లో రెండో హార్డ్ డిస్క్ పెట్టుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్‌లో జాగా నిండిపోయిందని పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు డిలీట్ చేయాల్సిన పని లేదు. మీ దాంట్లో డీవీడీ డ్రైవ్ ఉంటే, దాన్ని తీసేసి ఆ చోట రెండో డిస్క్ పెట్టుకోవచ్చు.

ఇందుకు 2.5 అంగుళాల సాటా డిస్క్, దాన్ని పట్టి ఉంచే 'క్యాడీ' అనే చిన్న ఫ్రేమ్ కావాలి. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతాయి. మీ డీవీడీ డ్రైవ్ మందం కొలిచాకే కొనండి.

ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్, బ్యాటరీ తీసేయండి. చాలా మోడళ్లలో డీవీడీ డ్రైవ్‌కు అడుగున ఒకటే స్క్రూ ఉంటుంది. అది విప్పితే డ్రైవ్ బయటికి వచ్చేస్తుంది. డిస్క్‌ను క్యాడీలో బిగించి, అదే సందులోకి మెల్లగా తోయండి.

కొత్త డిస్క్ వెంటనే కనిపించకపోతే కంగారు పడొద్దు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ముందు ఇనిషియలైజ్, తర్వాత ఫార్మాట్ చేయాలి. పాత డేటా ఉన్న డిస్క్ అయితే మాత్రం ఈ రెండూ నొక్కొద్దు. ఉన్నదంతా పోతుంది.

డీవీడీ డ్రైవ్ లేని కొత్త మోడళ్లలో ఖాళీ ఎం.2 స్లాట్ ఉందేమో చూడండి. అది సాటానా, ఎన్‌వీఎంఈనా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. వారంటీ ఉంటే విప్పే ముందు సర్వీస్ సెంటర్‌ను అడగండి.

ఒక్క మాట. రెండు డిస్కులున్నాయి కదా అని బ్యాకప్ మానేయొద్దు. ల్యాప్‌టాప్ దొంగతనమైతే రెండూ కలిసే పోతాయి. ముఖ్యమైన కాగితాలు, ఫొటోలు ఇంకో కాపీ ఇంట్లో విడిగా దాచుకోండి.