కాంతి విద్యుత్ ఫలితం: మౌలిక లక్షణాలు - పారిభాషిక పదాల అవగాహన

వ్యాససంగ్రహం:
తగిన పౌనఃపున్యం గల కాంతి లోహతలంపై పడినప్పుడు ఎలక్ట్రాన్లు వెలువడటాన్ని కాంతి విద్యుత్ ఫలితం అంటారు. దీని ప్రధాన లక్షణాలను, 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన వివరణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాంతి తీవ్రతను, కాంతికణ శక్తిని వేరుచేసి చూడటమే ఈ అంశానికి కీలకమని, బోధనలో వాడే తెలుగు పదాలు ఆ భేదాన్ని చెరపకూడదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాంతి విద్యుత్ ఫలితం, తీవ్రత, పౌనఃపున్యం, పని ప్రమేయం, ఫోటాన్, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
వాడుకభాషలో 'ఎండ తీవ్రత పెరిగింది' అంటే ఎండకు బలం పెరిగిందని అర్థం. భౌతికశాస్త్రంలో మాత్రం కాంతి తీవ్రత అంటే ప్రమాణ వైశాల్యంపై ప్రమాణ కాలంలో పడే కాంతిశక్తి పరిమాణం. కాంతి తీవ్రమైనకొద్దీ ఒక్కొక్క ఎలక్ట్రాన్ మరింత వేగంగా వెలువడాలని వాడుకార్థాన్ని బట్టి అనిపిస్తుంది. 19వ శతాబ్దపు తరంగ సిద్ధాంతం ప్రకారమూ అలాగే జరగాలి. ప్రయోగాలు ఈ ఊహను నిరాకరించాయి.

2. ప్రయోగ నేపథ్యం:
1887లో హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలపై ప్రయోగాలు చేస్తూ, అతినీలలోహిత కాంతి పడినప్పుడు లోహాగ్రాల మధ్య విద్యుత్ స్ఫులింగం సులభంగా ఏర్పడుతుందని గమనించాడు. ఋణావేశం గల జింకు పలక అదే కాంతిలో ఆవేశాన్ని కోల్పోతుందని 1888లో హాల్‌వాక్స్ చూపాడు. వెలువడేవి ఎలక్ట్రాన్లేనని 1899లో జె.జె. థామ్సన్ నిరూపించాడు. తీవ్రతను పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుందే తప్ప వాటి గరిష్ఠ శక్తి పెరగదని 1902లో లెనార్డ్ వెల్లడించాడు.

ఈ పరిశీలనకు గాలి తీసివేసిన నాళికలో రెండు ఎలక్ట్రోడ్‌లను అమర్చుతారు. ఒకదానిపై కాంతి పడుతుంది. రెండవది వెలువడిన ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. రెండవదానికి ఋణ పొటెన్షియల్ ఇచ్చి క్రమంగా పెంచితే విద్యుత్ ప్రవాహం తగ్గి, ఒక విలువ వద్ద పూర్తిగా ఆగిపోతుంది. ఆ విలువే నిరోధక పొటెన్షియల్. అత్యధిక శక్తి గల ఎలక్ట్రాన్‌ను సైతం అది ఆపగలదు కనుక ఎలక్ట్రాన్ల గరిష్ఠ గతిజశక్తికి అదే కొలమానం.

3. మౌలిక లక్షణాలు:
అ) పౌనఃపున్యం మారనప్పుడు కాంతి విద్యుత్ ప్రవాహం తీవ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది.
ఆ) ప్రతి లోహానికీ ఒక ఆరంభ పౌనఃపున్యం ఉంటుంది. అంతకు తక్కువ పౌనఃపున్యం గల కాంతిని, సాధారణ కాంతి జనకాలతో ఎంత తీవ్రంగా ప్రసరింపజేసినా ఎలక్ట్రాన్లు వెలువడవు.
ఇ) గరిష్ఠ గతిజశక్తి పౌనఃపున్యంతోపాటు సరళరేఖీయంగా పెరుగుతుంది; తీవ్రతపై ఆధారపడదు.
ఈ) కాంతి ఎంత మసకగా ఉన్నా ఉద్గారం దాదాపు తక్షణమే, అంటే సెకనులో వందకోట్లవ వంతు లేదా అంతకంటే తక్కువ వ్యవధిలో మొదలవుతుంది.

వీటిలో మొదటి లక్షణం మాత్రమే తరంగ సిద్ధాంతానికి ఇబ్బంది కలిగించదు. మిగిలిన మూడింటికీ అందులో సమాధానం లేదు.

4. ఐన్‌స్టీన్ వివరణ:
కాంతిశక్తి విడివిడి క్వాంటాలుగా ఉంటుందని, ఒక్కొక్క క్వాంటం శక్తి ప్లాంక్ స్థిరాంకం, పౌనఃపున్యాల లబ్ధమని ఐన్‌స్టీన్ ప్రతిపాదించాడు. ఈ క్వాంటాలకు 'ఫోటాన్' అనే పేరు 1926 తర్వాతే స్థిరపడింది. ఒక ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్ శక్తిని మొత్తంగా గ్రహిస్తుంది. లోహం నుంచి బయటపడటానికి కావలసిన కనీస శక్తి పని ప్రమేయం. కనుక,

గరిష్ఠ గతిజశక్తి = ఫోటాన్ శక్తి − పని ప్రమేయం.

సీజియం పని ప్రమేయం సుమారు 2.14 ఎలక్ట్రాన్ వోల్టులు. 700 నానోమీటర్ల ఎరుపు కాంతిలో ఒక్కొక్క ఫోటాన్ శక్తి సుమారు 1.77 ఎలక్ట్రాన్ వోల్టులే. అలాంటి ఫోటాన్లు కోట్లకొద్దీ పడినా ఏ ఒక్కటీ ఎలక్ట్రాన్‌ను వెలువరించలేదు. 400 నానోమీటర్ల ఊదా కాంతి ఫోటాన్ శక్తి సుమారు 3.10 ఎలక్ట్రాన్ వోల్టులు. అందువల్ల ఎంత మసక ఊదా కాంతిలోనైనా వెలువడే ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తి 0.96 ఎలక్ట్రాన్ వోల్టు ఉంటుంది. తీవ్రత పెంచితే ఫోటాన్లూ, వాటితో ఎలక్ట్రాన్లూ సంఖ్యలో పెరుగుతాయి, ఈ 0.96 మాత్రం మారదు.

ఈ భావనను అంగీకరించని మిలికన్ సుమారు పదేళ్లపాటు శ్రమించి, 1916 నాటికి సమీకరణాన్ని ప్రయోగపూర్వకంగా ధ్రువీకరించాడు. అయినప్పటికీ కాంతి క్వాంటం భావనను అప్పట్లో ఒప్పుకోలేదు. ఐన్‌స్టీన్‌కు లభించిన 1921 నోబెల్ పురస్కార ప్రశంస ప్రత్యేకంగా పేర్కొన్నది ఈ ఫలిత నియమాన్నే.

5. పారిభాషిక పదాలు - అర్థస్పష్టత:
'తీవ్రత' అన్న పదాన్ని బోధించేటప్పుడు అది ఫోటాన్ల సంఖ్యతోను, ఒక్కొక్కదాని శక్తితోను ముడిపడిన మొత్తమని చెప్పాలి. ఒకే తీవ్రత గల ఎరుపు, ఊదా కాంతులలో ఊదా ఫోటాన్ల సంఖ్యే తక్కువ. 'ఆరంభ' పదం కాలసంబంధమైన మొదలును స్ఫురింపజేస్తుంది. ఇక్కడ ఉద్దేశించినది దాటవలసిన గడప. 'ప్రమేయం' గణితంలో చలరాశుల సంబంధాన్ని, వాడుకలో జోక్యాన్ని సూచిస్తుంది. 'పని ప్రమేయం' మాత్రం ఒక శక్తి పరిమాణం. ఈ పదాలను మార్చవలసిన అవసరం లేదు. తొలి పరిచయంలోనే వాడుకార్థానికీ శాస్త్రార్థానికీ గల దూరాన్ని చూపడం అవసరం.

6. ముగింపు:
కాంతి విద్యుత్ ఫలితంలో ఎన్ని ఎలక్ట్రాన్లు వెలువడతాయన్నది తీవ్రతకు, అసలు వెలువడతాయా, ఎంత శక్తితో వెలువడతాయన్నది పౌనఃపున్యానికి సంబంధించిన ప్రశ్నలు. ఈ రెండింటినీ విడదీయడంతోనే కాంతి క్వాంటం భావనకు బలమైన ఆధారం లభించింది. తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి నాలుగు లక్షణాలను కంఠస్థం చేసినా, 'తీవ్రత'ను 'బలం'గానే గ్రహిస్తే తరంగ సిద్ధాంతపు ఊహ వద్దే నిలిచిపోతాడు. శాస్త్రవిషయాల బోధనలో పదార్థ వివరణ విషయ వివరణలో భాగమేనని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.