హీరో గెలిస్తే చాలా? అడ్వెంచర్ నవల చివరి పేజీ గురించి

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం. యాక్షన్ అడ్వెంచర్ నవలలు చదివేవాళ్లకి సుఖాంతం ఉంటేనే తృప్తి ఉంటుందా? అంటే చివర్లో హీరో బతకాలి, విలన్ పోవాలి, నిధి దొరకాలి, పెళ్లి జరగాలి. ఇవన్నీ ఉంటే చాలా?

చాలామంది వెంటనే "అవునప్పా, అంతే కదా" అంటారు. ఈ పుస్తకాలు చదివేదే టైంపాస్‌కి, ఏడవడానికి ఎవరు చదువుతారు అని. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. నాకు అర్థమైంది ఏందంటే, పాఠకుడు సుఖం కన్నా ముందు లెక్క అడుగుతాడు. కథ మొదట్లో పెట్టిన బాకీలన్నీ చివరికి తీరినాయా లేదా అని చూస్తాడు. బాకీ తీరితే హీరో చచ్చిపోయినా ఒప్పుకుంటాడు. బాకీ తీరకుంటే పెళ్లి భోజనం పెట్టినా ఆకలి తీరదు. ఎట్లా అంటారా, ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మన తెలుగు పుస్తకాలు. మధుబాబు గారి షాడో నవలలు మీ ఇంట్లో నాన్నకో, మామకో కచ్చితంగా తెలిసి ఉంటాయి. టీవీ ఛానళ్లు ఇన్ని లేని రోజుల్లో, బస్టాండ్ దగ్గర, బజార్లో అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. రోజుకి ఇంత అని ఇచ్చి పుస్తకం తెచ్చుకోవాలి, అద్దె పెరగకుండా తొందరగా తిరిగి ఇచ్చేయాలి. ఆ షాపుల్లో బాగా తిరిగిన పేర్లలో షాడో ఒకటి. ఇప్పుడు ఆలోచించండి. అట్ట మీదే షాడో పేరు ఉంది. పక్కన అరలో ఇంకో పది షాడో పుస్తకాలు ఉన్నాయి. అంటే ఈ పుస్తకంలో షాడో చావడని చదివేవాడికి మొదటి పేజీకి ముందే తెలుసు. మరి రాత్రి రెండింటి దాకా లైటు వేసుకుని ఎందుకు చదివినట్టు?

"బతుకుతాడా" అనే ప్రశ్న కోసమైతే కాదు. "ఎట్లా బయటపడతాడు, ఎవర్ని పోగొట్టుకుంటాడు, వాడి మీద చెయ్యి వేసినోడికి ఏం జరుగుతుంది" అనే ప్రశ్నల కోసం. అద్దె పుస్తకం వంద చేతులు మారుతుంది కాబట్టి అట్టా, చివరి కాగితాలూ ముందు ఊడిపోతాయి. చివరి నాలుగు పేజీలు లేని పుస్తకం చదివినోళ్లని అడిగి చూడండి. హీరో గెలిచాడని వాళ్లకి అనుమానం లేదు. అయినా "మధ్యలో ఒకడు మోసం చేశాడే, వాడేమయ్యాడో" అని ఇరవై ఏళ్ల తర్వాత కూడా అడుగుతారు. ఆ పుస్తకం వాళ్ల దృష్టిలో ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

చందమామ సీరియల్స్ కూడా అంతే. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం లాంటివి నెలనెలా కొంచెం కొంచెంగా వచ్చేవి. ఖడ్గవర్మ, జీవదత్తుడు చివరికి గెలుస్తారని చదివే పిల్లలకి తెలియదా? తెలుసు. అయినా నెలంతా కాచుకున్నారు. చిత్ర గారి బొమ్మలో ఆ నెల ఏ రాక్షసుడు వస్తాడో చూడాలి.

దీనికి ఒక ప్రయోగం కూడా ఉంది. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియాగోకి చెందిన లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు కొంతమందికి చిన్న కథలు ఇచ్చి చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పేశారు, కొందరికి చెప్పలేదు. ముందే తెలిసినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయని వాళ్లకి తేలింది. మన బుర్రకథ వినేవాళ్లకి ఇదేం కొత్త విషయం కాదు. ముగింపు తెలిసే కదా కూర్చునేది!

ఇప్పుడు రెండో వైపు. హీరో చచ్చిపోయే కథలు. 1974లో కృష్ణ గారి నూరో సినిమాగా అల్లూరి సీతారామరాజు వచ్చింది. 1924 మే 7న అల్లూరిని బ్రిటిష్‌వాళ్లు కాల్చి చంపారని హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఆ సినిమాని జనం నెత్తిన పెట్టుకున్నారు. మన సీమ కథే చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలని కోట గోడకి వేలాడదీసి, సుమారు 30 ఏళ్లు అట్లే ఉంచినారు. ఇంతకన్నా దుఃఖాంతం ఏముంటుంది? కానీ సీమలో ఆయన మీద పాట కట్టి పాడుకున్నారు, 2019లో సైరా అని సినిమా తీశారు. భయపెట్టడానికి వేలాడదీసిన తల, ఆయన పేరు మర్చిపోనీయకుండా చేసింది. కథ లెక్కలో ఆ బాకీ అట్లా తీరింది. అందుకే విన్నోడు ఏడుస్తాడు కానీ, అన్యాయంగా ముగించారని కథకుడిని తిట్టడు.

ఇంకా దగ్గరికి వద్దాం, మన ఆదోని కోటకి. 17వ శతాబ్దం చివర్లో బీజాపూర్ తరఫున ఇక్కడ సిద్ది మసూద్ ఖాన్ ఉండేవాడు. జామియా మసీదు కట్టించింది ఆయనే. ఔరంగజేబు సైన్యం కోటని ముట్టడించింది. ఎంతకీ లొంగలేదు. అప్పుడు శత్రువు ఫిరంగులు మసీదు వైపు తిప్పాడని, అది చూసి మసూద్ ఖాన్ కోట వదులుకున్నాడని చెప్పుకుంటారు. దీన్ని అడ్వెంచర్ నవలగా రాస్తే ముగింపు సుఖమా, దుఃఖమా? యుద్ధం ఓడిపోయాడు. మసీదు మాత్రం ఈ రోజుకీ నిలబడి ఉంది. పోగొట్టుకున్నది ఏంటి, నిలుపుకున్నది ఏంటి అని రెండూ మన కళ్ల ముందు ఉన్నాయి. గెలుపు లేకపోయినా ఇది పూర్తయిన కథ.

దేవరగట్టు కూడా గుర్తు చేసుకోండి. దసరా రాత్రి కర్రల సమరం గురించి టీవీలో ఏటా చూపిస్తారు, తలలు పగిలేది చూపిస్తారు. దాని వెనక కథ ఏందంటే, మాళ మల్లేశ్వరుడు మణి, మల్లాసురుడు అనే రాక్షసుల్ని చంపాడు. చచ్చేముందు వాళ్లు ఏటా తమకి నరబలి కావాలని అడిగారట. ఇప్పుడు దాని బదులు ఒక గొరవయ్య తన తొడ నుంచి కొంచెం రక్తం తీసి సమర్పిస్తాడు. గమనించండి, దేవుడు గెలిచిన కథలో కూడా ఓడినోడికి ఇవ్వాల్సింది మిగిలే ఉంది. ఆ కర్రల దెబ్బలు మంచివని నేను అనట్లేదు. కథ సంగతి మాత్రమే చెప్తున్నా. గెలుపుకి ఖరీదు ఉంటుందని మన పాత కథకులకి బాగా తెలుసు.

బయటి దేశాల క్లాసిక్స్‌లో కూడా ఇదే. 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్‌సన్ ట్రెజర్ ఐలాండ్‌లో నిధి దొరుకుతుంది. కానీ లాంగ్ జాన్ సిల్వర్ ఒక సంచి నాణేలతో తప్పించుకుంటాడు, జిమ్‌కి ఆ దీవి పీడకలగా మిగులుతుంది. 1885లో వచ్చిన హాగర్డ్ కింగ్ సాలమన్స్ మైన్స్‌లో వజ్రాలు దొరుకుతాయి, కానీ గుహలో ఫౌలాటా చచ్చిపోతుంది. రెండూ సుఖాంతాలే. అయితే బిల్లు కట్టిన సుఖాంతాలు.

"మరి షెర్లాక్ హోమ్స్ సంగతేంది?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. 1893లో కోనన్ డాయిల్ హోమ్స్‌ని జలపాతంలో పడేసి చంపేశాడు. విలన్ మోరియార్టీ కూడా పోయాడు. లెక్క సమానమే. అయినా పాఠకులు మండిపడ్డారు, చివరికి 1903లో హోమ్స్‌ని బతికించి తేవాల్సి వచ్చింది. ఎందుకు? సిరీస్ రాసేవాడు పాఠకుడికి ఇచ్చే మాట వేరే. "మళ్లీ నెల కూడా ఇతను ఉంటాడు" అన్నదే ఆ మాట. అల్లూరి కథ ఆ మాట ఇవ్వలేదు, హోమ్స్ ఇచ్చాడు. కాబట్టి ఏ బాకీ తీర్చాలో కథ మొదట్లోనే నిర్ణయమైపోతుంది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కథకుడు పేజీ పేజీకి టికెట్లు ఓపెన్ చేస్తాడు. తండ్రిని చంపిందెవరు, మ్యాప్ ఎవరి దగ్గర ఉంది, స్నేహితుడు ఎందుకు తప్పుకున్నాడు. శుక్రవారం సాయంత్రం సమస్య సరిచేయకుండానే అన్నీ క్లోజ్ అని కొట్టేస్తే మేనేజర్ ఖుషీ, వాడేవాడు మాత్రం సోమవారం ఫోన్ చేస్తాడు. చివరి పేజీలో పోలీసులు ఊడిపడటం, విలన్‌కి ఉన్నట్టుండి మనసు మారటం అలాంటివే. బాహుబలిలో చూడండి, 25 ఏళ్లు సంకెళ్లలో దేవసేన ఏరిన పుల్లల మీదే భల్లాలదేవుడు కాలిపోతాడు. మొదటి భాగంలో తెరిచిన బాకీ రెండో భాగంలో అదే పుల్లలతో తీరింది.

ఇదంతా ఎందుకు ముఖ్యం అంటే, మన వైపు "ఇంటికి తిరిగి రావడం" అనే ముగింపు అర్థం వేరే. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టు పల్లెల నుంచి కుటుంబాలు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోయేవాళ్లు ఉన్నారు. తిరిగి వస్తే సంతోషమే. కానీ వచ్చిన మొదటి రోజే లెక్క మొదలవుతుంది: అప్పు ఎంత తీరింది, బిడ్డకి బడి ఎన్ని నెలలు పోయింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లోడికి "అందరూ ఇల్లు చేరారు, సుఖంగా ఉన్నారు" అని పుస్తకం చెప్తే నమ్ముతాడా? నమ్మడు. అట్లని ప్రతి కథనీ చావుతో ముగిస్తే, ఇంతే మన బతుకు అనుకుంటాడు. అది ఇంకా పెద్ద అబద్ధం. వాడికి కావాల్సింది, ఖరీదు దాచకుండా గెలుపు చూపించే కథ.

కాబట్టి ఈసారి నవల మూసేటప్పుడు "సుఖాంతమా, దుఃఖాంతమా" అని చూడకండి. మూడు విషయాలు చూడండి. మొదట్లో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా? గెలుపుకి ఎవరు ఏం చెల్లించారు? చెల్లించినోళ్లని కథ చివర్లో గుర్తుపెట్టుకుందా? మూడింటికీ జవాబు దొరికితే, హీరో బతికినా పోయినా మీకు నిద్ర బాగా పడుతుంది.

మీ ఇంట్లో అటక మీద పాత షాడో పుస్తకమో, చందమామ బైండో ఉంటే దించి చివరి పేజీ ఉందో లేదో చూడండి. లేకుంటే నాన్నని అడగండి, ఆ ముగింపు ఆయన చెప్తారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.