మందు చేసిన హాని: సహనమూ, క్షమా, హక్కూ

నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాలలో వైద్యానికి కొదవ లేదు. నాంపల్లిని ఆనుకొని రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆస్పత్రి, ఆబిడ్స్‌కు సమీపాన కోఠీలో చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి, ఎటు చూసినా మందుల దుకాణాలు. ఈ ప్రాంతంలోనే 2019 మార్చిలో ఒక విషాదం జరిగింది. నాంపల్లి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేసిన పిమ్మట, జ్వరానికి ఇవ్వవలసిన పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే తీవ్రమైన నొప్పి మాత్రలు ఇవ్వబడ్డాయి. కనీసం ఇద్దరు శిశువులు మరణించారు. అనేకమంది పిల్లలను నిలోఫర్‌లో చేర్చవలసి వచ్చింది. ఆ మాత్రలను నమ్మకంతో పిల్లల నోట వేసినవారు కన్నవారే.

ఇలాంటి ఇంటికి పరామర్శకు వెళ్ళినవారు "తఖ్దీర్‌లో ఉన్నది జరిగింది, సబర్ చేయమ్మా, మాఫ్ చేసెయ్యి" అంటారు. సదుద్దేశంతోనే అంటారు. కాని ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. దైవనిర్ణయాన్ని అంగీకరించడం వేరు, పొరబడినవానిని క్షమించడం వేరు, హక్కును వదలుకోవడం వేరు. షరీఅత్ ఈ మూటినీ విడివిడిగానే చూస్తుంది.

దోషి ఎవరూ లేని హాని కూడా ఉంటుంది. క్షయకు తొలి సమర్థమైన ఔషధం స్ట్రెప్టోమైసిన్. అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1943లో దానిని వేరుచేశారు. లోపలి చెవికి అది హాని చేయగలదని తొలి సంవత్సరాలలోనే తెలిసింది. అక్కడి సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో మళ్ళీ పుట్టవు. అందువల్ల క్షయ నయమై, వినికిడినో శరీరపు నిలకడనో శాశ్వతంగా పోగొట్టుకున్నవారున్నారు. వైద్యుడు తెలిసిన మందును సరైన మోతాదులో, ప్రాణం నిలపడానికే ఇచ్చాడు. ఇక్కడ క్షమించడానికి ఎవరూ లేరు. మిగిలేది సహనమే. ఆ సహనంలో ఏడుపు నిషేధం కాదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖంతో చూపు పోగొట్టుకున్నారు. అయినా దివ్యఖురాన్ ఆయనను సహనశీలిగానే పేర్కొన్నది.

దోషం ఉన్నచోట మాట వేరు. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకొన్నవాడు నష్టానికి బాధ్యుడని తెలిపే హదీసు అబూదావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉంది. 14వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్నె ఖయ్యిమ్ దీనిని ఆధారం చేసుకొని వైద్యులను తరగతులుగా విభజించారు. నిపుణుడు, అనుమతితో, పద్ధతి తప్పకుండా వైద్యం చేసినా హాని జరిగితే బాధ్యత లేదు. నిపుణుడే అయినా చేయి తప్పితే పరిహారం ఉంది. మాత్ర మారిపోవడం దీనికే దగ్గర. నిపుణుడు మందును నిర్ణయించడంలోనే పొరబడి రోగి మరణిస్తే పరిహారం ఎవరివ్వాలి? వైద్యుని తండ్రి వైపు బంధువులని ఒక అభిప్రాయం, బైతుల్‌మాల్, అంటే ప్రజాధనాగారం, అని మరొక అభిప్రాయం.

ఈ రెండవ అభిప్రాయం నేటి హైదరాబాదుకు ఎంత అవసరమో గమనించాలి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వైద్యసేవలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. కాని అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులను ఆ పరిధి నుండి మినహాయించింది. డబ్బిచ్చిన రోగికి తెరిచిన ఆ తలుపు ఉచిత టీకా కోసం వరుసలో నిలబడిన తల్లికి తెరుచుకోలేదు. వేరే న్యాయమార్గాలున్నా అవి పేదలకు సుదీర్ఘమైనవి. ప్రభుత్వ సేవలో జరిగిన పొరపాటు భారం ప్రభుత్వ ధనం మీద పడాలన్న ఫఖీహ్‌ల ఆలోచన ఇక్కడ ఎంతో సమంజసంగా కనిపిస్తుంది.

ఇక క్షమ. దివ్యఖురాన్ నాల్గవ సూరా 92వ వాక్యంలో పొరపాటున జరిగిన ప్రాణనష్టం గురించిన ఆదేశం ఉంది. రక్తపరిహారం వారసులకు చెల్లించాలి. వారు దానిని దానంగా వదలిపెట్టవచ్చు. అయితే పరిహారం మాఫీ అయినా ప్రాయశ్చిత్తం మాఫీ కాదు. బానిస విముక్తి, అది సాధ్యం కానప్పుడు వరుసగా రెండు నెలల ఉపవాసం, పొరబడినవాని మీద అల్లాహ్ ముందు నిలిచే ఉంటుంది. వారసుల క్షమ వారి హక్కుకు సంబంధించినది. దానితో అవతలివాని లెక్క మూసుకుపోదు. పైగా హక్కు ఉందని ఒప్పుకున్న తరువాతే దానిని వదలడం దానమవుతుంది. హక్కే లేదన్నచోట దానమేమిటి? కనుక పరామర్శకు వచ్చినవారు క్షమను అడిగి పుచ్చుకోజాలరు.

అన్నింటికన్నా కష్టమైనది తల్లి తనను తాను క్షమించుకోవడం. "నేను ఆ మాత్ర వేయకుంటే" అన్న తలంపు ఏళ్ళు గడిచినా వదలదు. జరిగిపోయిన దానికి "ఇలా చేసి ఉంటే" అనుకోవడం షైతాను పనికి దారి తీస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. పొరపాటును, మరపును అల్లాహ్ తన సముదాయానికి మన్నించాడని మరో హదీసులో తెలిపారు. నమ్మి ఇచ్చిన తల్లి చేతిలో ఆ పొరపాటు కూడా లేదు.

అంగీకారం అంటే ఇక ఏమీ కోరకపోవడం అనుకునేవారు బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఒక వృత్తాంతం చూడవచ్చు. మూర్ఛరోగంతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) వారి వద్దకు వచ్చి దుఆ కోరింది. సహనం వహిస్తే స్వర్గమని, కోరితే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన చెప్పారు. ఆమె సహనాన్నే ఎంచుకున్నది. అయితే మూర్ఛ వచ్చినప్పుడు తన వస్త్రం తొలగిపోతున్నదని, అలా జరగకుండా దుఆ చేయమని మళ్ళీ అడిగింది. ఆయన ఆమె కోసం ఆ దుఆ చేశారు.