కూర్పు కారు: మేడ్చల్ చేయగలదు, చట్టము దారి యిచ్చునా?

విడిభాగములను పెట్టెలలో తెచ్చుకొని, ఇంటి కొట్టములో తామే బిగించుకొని నడుపుకొను బండ్లకు కిట్టు కార్లని పేరు. బ్రిటనునందు 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అను చిన్న బండిని ఈ తీరున అమ్మకమునకు తెచ్చెను. కూర్చిన కారుపై అక్కడ కొనుగోలు పన్ను కలదు, విడిభాగములపై లేదు. పన్ను తప్పుననియే పలువురు పానా చేతబట్టిరి. 1973లో పన్నుల పద్ధతి మారి ఆ లాభము పోయినను బండి పోలేదు. ఆ యేడాది మొదలు కేటర్‌హామ్ కంపెనీవారు దానిని చేయుచున్నారు.

అట్టిదానినే సూపరు కారు రూపున, ఉద్యోగియు మోతుబరి రైతును కొనగల వెలకు, మేడ్చల్ శామీర్‌పేటల నడుమ చేయరాదా యని మేమడుగుచున్నాము. ద్రాక్షతోటలకు పేరువడిన ఈ ప్రాంతమున నేడు కర్మాగారములు వెలసినవి. నాగపూరు రహదారి మేడ్చల్ మీదుగను, కరీంనగరు రహదారి శామీర్‌పేట మీదుగను పోవుచుండ, ఔటరు రింగురోడ్డు రెంటిని కలుపుచున్నది. దిగువనే జీడిమెట్ల, అది దాటిన బాలానగరము. అచ్చట 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైను అచ్చుల పని, పనిముట్ల పని నేర్పుచున్నది. హైదరాబాదుకు బండి కట్టుట క్రొత్త విద్య కాదు. 1942లో పుట్టిన ఆల్విన్ కర్మాగారము బస్సుల కెన్నింటికో మేను తొడిగినది. బహదూరుపురలో సుధాకర్ యాదవ్ గారు పాత ఇనుముతో చిత్రవిచిత్రములైన కార్లు చేసి ప్రదర్శనశాలయే పెట్టిరి. 2005లో వారు చేసిన 41 అడుగుల మూడుచక్రముల సైకిలు గిన్నిస్ పుస్తకమున కెక్కినది.

ఇక నమూనా బండి మాట. క్రొత్త యింజను చేయబూనుట అవివేకము. ముందు చక్రములకు బలమిచ్చు చిన్న కారొకటి పాత ధరకు కొని, దాని యింజనును గేరుపెట్టెతో కూడ ఊడదీసి, కూర్చుండువారి వీపువెనుక నిలుపుటయే చౌకైన మార్గము. చట్రమును ఉక్కుగొట్టములతో ముక్కోణములు ముక్కోణములుగా అతుకవలెను. మేనికి కొయ్యతోనో మట్టితోనో మూస చేసి, గాజునారను రెసినుతో పొరలుపొరలుగా పఱచిన చాలును.

చిక్కంతయు బ్రేకులలో నున్నది. పాత కారు ముందరి చక్రములకు పెద్ద బ్రేకులుండును; వానిని యింజనుతోపాటు వెనుకకు తెచ్చి, వెనుకటి చిన్నవానిని ముందు బిగించినచో, గట్టిగా తొక్కినపుడు వెనుక చక్రములు ముందుగా పట్టుకొనిపోయి బండి గిఱ్ఱున తిరిగిపోవును. ఈ తూకము సరిచూడక రూపమునకు మురిసి రోడ్డెక్కుట ప్రాణములతో ఆట.

సూపరు అను బిరుదు విషయమున మాకు సందేహము కలదు. నూఱు గుఱ్ఱముల యింజను వెయ్యి కిలోల కారులో నున్న ఒక్కొక్క గుఱ్ఱము పది కిలోలు లాగును. ఏడువందల కిలోల బండిలో ఏడే. చుఱుకుదనము తప్పక హెచ్చును గాని ఇటలీవారి కార్లతో పందెము వేయరాదు. 2012 ఢిల్లీ ప్రదర్శనలో కానవచ్చిన అవంతి యను దేశీయ వేగవాహనము రెనో యింజనుతోనే రూపొందినది. అదియు సామాన్యునకు అందినది కాదు.

అసలు అడ్డు చట్టమున నున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 126వది తయారీదారుడు నమూనాను పూనాలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలచే పరీక్షింపజేసి ఆమోదము పొందవలెనని విధించుచున్నది. వేలకొలది కార్లు అమ్మువారికి ఆ వ్యయము లెక్కలోనిది కాదు. ఏడాదికి పది చేయు కొట్టమువాని కది గుదిబండ. పాత కారు ఆర్.సి. పుస్తకముతో నెట్టుకొని రావచ్చునా యన్న, 1988 చట్టము 52వ సెక్షను మార్పులను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే స్థిరపఱచినది. మఱి విదేశపు కార్ల సంగతి చూడుడు! కొన్ని దేశముల ప్రమాణములకు ఆమోదము పొందినవానిని తయారీదారులు ఏడాదికి 2,500 వఱకు ఇచ్చటి పరీక్ష లేకయే దిగుమతి చేసికొనుటకు 2018లో వెసులుబాటు కలిగినది. అవి తమ దేశమున పరీక్షింపబడినవే, కాదనము. పరదేశపు పరీక్షను నమ్మిన సర్కారు మన కొట్టములోని బండికి తగిన పరీక్ష నొకదానిని ఏర్పఱుపరాదా?

పరీక్షయే వలదని మేము కోరుట లేదు. బ్రిటనునందు 1998 మొదలు స్వయముగా కూర్చిన బండిని ఒక్కొక్కటిగా పరీక్షించి అనుమతించు పద్ధతి గలదు: బ్రేకులు, దీపములు, పొగ, సీటుపట్టీలు, వాడి అంచులు అన్నియు చూతురు. కేంద్ర రవాణాశాఖ అట్టి దారి నొకటి తెఱచి, పరీక్షాస్థలము నొకదానిని ఔటరు రోడ్డు చేరువనే నెలకొల్పవలెను. మన ఇంజనీరింగు విద్యార్థులు ఏటేట బాహా పోటీలకు చట్రములతికి, పందెము ముగియగానే వానిని కళాశాల గోడ చెంత తుప్పునకు వదలుచున్నారు. ఆ చేతులకు మొదటి నమూనా నప్పగింపవచ్చును. అనుమతి వచ్చువఱకు అది ప్రహరీగోడ లోపలనే తిరుగవలెను.