డబ్బాలో పావు వంతు మందు

ఆర్గానిక్ కెమిస్ట్రీలో దర్పణ ప్రతిబింబ అణువుల పాఠం రాగానే క్లాసులో సగం మందిమి కిటికీలోంచి బయటికి చూస్తుంటాం. మిత్రులారా, ఆ బయట కనిపించే పత్తి చేలల్లోనే ఈ పాఠం ఉందంటే నమ్ముతారా?

ఎడమకాలి చెప్పు, కుడికాలి చెప్పు ఒకే తోలు, ఒకే కొలత. అయినా ఎడమది కుడికాలికి పట్టదు. కార్బన్ పరమాణువుకి నాలుగు చేతులు. నాలుగింటికీ నాలుగు వేర్వేరు గుంపులు తగులుకుంటే ఆ అణువుకీ ఇలాగే ఎడమ, కుడి రూపాలు ఏర్పడతాయి. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాల్ని పట్టకారుతో ఏరి, రెండు కుప్పలు పోశాడు. (మిరపకాయకి మంటనిచ్చే కాప్సైసిన్‌కి ఈ జంట లేదు. ఎడమ కారం, కుడి కారం అంటూ గుంటూరు యార్డులో రెండు ధరలు పలికే బాధ తప్పింది!)

ఇక పత్తి సంగతి. 1980ల్లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాయతొలుచు పురుగుమీద సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టారు. వాటిలో ఫెన్‌వలరేట్ ఒకటి. దాని అణువులో అటువంటి కార్బన్లు రెండు. కనుక రూపాలు నాలుగు. పురుగు నరంలో సోడియం లోపలికి పోయే ద్వారాన్ని ఈ మందు మూసుకోనివ్వదు. పురుగు గిలగిల కొట్టుకుని చస్తుంది. అయితే ఆ ద్వారానికి సరిగ్గా పట్టే రూపం నాలుగింటిలో ఒక్కటే. తక్కినవాటికి పస బాగా తక్కువ. మామూలు పద్ధతిలో తయారుచేస్తే నాలుగూ దాదాపు సమపాళ్ళలో వస్తాయి.

లెక్క వేయండి. 20 శాతం మందు లీటరు డబ్బాలో ఫెన్‌వలరేట్ 200 గ్రాములు. గట్టిగా పనిచేసేది సుమారు 50 గ్రాములు. మిగతా 150 గ్రాములు కూడా రైతు అరువు తెచ్చాడు, వీపున మోశాడు, తన నేలమీదే చల్లాడు. తర్వాత ఆ ఒక్క రూపమే ప్రధానంగా ఉండేటట్టు ఎస్‌ఫెన్‌వలరేట్ తయారుచేశారు. మోతాదు దాదాపు నాలుగో వంతుకి దిగింది.

1980ల నడుమ తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. దానికి ఈ అణువుల రూపాలే కారణమని నేననటం లేదు. మితిమీరి కొట్టిన మందులు తెల్లదోమని తినే మిత్రపురుగుల్ని కూడా చంపాయి. పంట పోయింది, అప్పు మిగిలింది. కానీ డబ్బామీద 20 శాతం అని చదువుకున్న రైతుకి, అందులో నాలుగు రకాలున్నాయయ్యా అని చెప్పటానికి కెమిస్ట్రీ చదివినవాళ్ళం ఎంతమందిమి చేను గట్టు దాకా వెళ్ళాం?