మనలోని మొసలిని గెలిచేదెలా?

పొద్దున్నే తలస్నానం చేసి, దీపం పెట్టి, లలితా సహస్రనామం చదువుకుంటాం. పూజగది గడప దాటామో లేదో, పాలు పొంగిపోయాయని పిల్లాడి మీద అరిచేస్తాం. ‘ఇన్నేళ్లుగా పూజలు చేస్తున్నా ఈ కోపం పోదేమిటి?’ అని లోలోపల కుమిలిపోయే ఆడవాళ్లు ఎంతమందో!

కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం... వీటిని పెద్దలు అరిషడ్వర్గాలన్నారు. శత్రువులన్నారంటేనే పోరు తప్పదని అర్థం. మనసు గాలిలా పట్టుకి చిక్కదని గీతలో అర్జునుడంతటివాడే మొరపెట్టుకున్నాడు. నిజమేనన్నాడు కృష్ణుడు. అయినా అభ్యాసంతో, వైరాగ్యంతో లొంగుతుందన్నాడు. లోపల పోరు జరుగుతోందంటే మన భక్తి ఉత్తదని కాదన్నమాట.

ఈ సంగతి తెలుసుకోవడానికి హిమాలయాలకి వెళ్లక్కర్లేదు. పాత వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లోంచి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని మూడు ఊళ్లు మూడు పాఠాలు చెబుతాయనిపిస్తుంది నాకు.

బమ్మెర: వదలని పట్టు

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన ఊరిగా పేరుపొందింది. 15వ శతాబ్దంలో ఆయన తెలుగు చేసిన భాగవతం 8వ స్కంధంలో గజేంద్రమోక్షం ఉంది. కథ అందరికీ తెలిసిందే. ఒక్కటి గమనించండి. ఏనుగు బలహీనమైందేం కాదు, వెయ్యేళ్లు పోరాడింది. అయినా నీళ్లలో మొసలిదే పైచేయి. మన కోపం, అసూయ కూడా అంతే. గుళ్లో ఉన్నంతసేపూ తలెత్తవు. వాటి మడుగు మన ఇల్లే. తోటికోడలి కొత్త నగ, పక్కింటి పిల్లల మార్కులు చాలు, అవి బలం పుంజుకోవడానికి.

శరణు వేడుతూనే గజేంద్రుడు మధ్యలో అసలు దేవుడున్నాడా అని సందేహపడతాడు. పోతన ఆ సందేహాన్ని దాచలేదు. అనుమానం వచ్చినా గజేంద్రుడు పిలవడం మానలేదు. ఇంకో విశేషం ఏమిటంటే, విష్ణుచక్రానికి తెగిపడిన మొసలి కూడా శాపం తీరి, హూహూ అనే గంధర్వుడైంది. పట్టుకున్నదానికీ విముక్తి దొరికింది!

కురవి: కోపానికో హద్దు

మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రస్వామి కొలువై ఉన్నాడు. శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. దక్షయజ్ఞంలో సతీదేవికి జరిగిన అవమానానికి శివుడికి వచ్చిన ఆగ్రహమే వీరభద్రుడు. ఆ ఆగ్రహానికీ గుడికట్టి మొక్కుతున్నామంటే, అన్యాయం చూసి వచ్చే కోపం పాపం కాదనేగా! ‘ఆడదానికి ఓర్చుకోవడమే భక్తి’ అనే మాటని నేను ఒప్పుకోను.

అయితే యజ్ఞం ధ్వంసమయ్యాక శివుడు శాంతించాడు. దక్షుడికి మేక తల పెట్టించి బతికించాడు. ఆగిన యజ్ఞం పూర్తయింది. పని అయిపోగానే కోపమూ ఆగింది. మరి మనం? మాట అన్నవాళ్ల ముందు నోరు మెదపం. ఆ మంటంతా తర్వాత పిల్లల మీద చూపిస్తాం. చెప్పాల్సినవాళ్లకి, చెప్పాల్సిన చోట, నెమ్మదిగానైనా గట్టిగా చెప్పేస్తే ఈ బాధ సగం తగ్గుతుంది.

కాళేశ్వరం: ముందు లెక్క

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ముక్తీశ్వరుడు అందరికీ ముక్తినిచ్చేస్తుంటే తనకి పనే లేకుండా పోయిందని యముడు మొరపెట్టుకున్నాడట. అందుకే ముందు యముడి లింగమైన కాళేశ్వరుణ్ణి, ఆ తర్వాతే ముక్తీశ్వరుణ్ణి కొలవడం అక్కడి ఆచారం. చేసినదాని లెక్క చూసుకున్నాకే విడుదల!

రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు కేటాయించుకోండి. ఇవాళ ఎవర్ని నొప్పించాను? ఎందుకు? రేపు ఏం మార్చుకోవాలి? అంతే, లెక్క అక్కడితో ముగించేయాలి. తెల్లారేదాకా తిట్టుకుంటూ కూర్చోకూడదు. యముడి పక్కనే ముక్తీశ్వరుడు కూడా ఉన్నాడు కదా!

అక్కడ గోదావరి, ప్రాణహితలతో సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందని నమ్మకం. 2025 మేలో సరస్వతీ పుష్కరాలు జరిగితే, కంటికి కనిపించని ఆ నది కోసం జనం తరలివెళ్లారు. మన లోపలి మార్పు కూడా అలాంటిదే. నిన్న పదిసార్లు అరిచినవాళ్లు ఇవాళ తొమ్మిదిసార్లే అరిస్తే ఇంట్లో ఎవరూ గమనించకపోవచ్చు. మీకు మాత్రం తెలుస్తుంది. ఆ ఒక్కటీ తగ్గించుకోవడమే సాధన.