ఫొటో గేమ్: ‘నేనెక్కడున్నానో చెప్పుకోండి చూద్దాం’.. ఫొటోలో ఏం చూస్తే ఊరు దొరుకుతుంది? ఎప్పుడు పోస్ట్ చేస్తే సేఫ్?

నెలల తరబడి దేశాలు తిరిగే ఫ్రెండ్ వాట్సాప్ గ్రూపులో ఓ ఫొటో పెడతారు. కింద ఒకటే ప్రశ్న.. ‘నేనెక్కడున్నానో చెప్పుకోండి చూద్దాం!’ ఇక గ్రూపులో సందడే సందడి. ఈఫిల్ టవరో, చార్మినారో కనిపిస్తే ఆట అక్కడితో అయిపోయినట్టే. మామూలు వీధి, బస్టాండ్, టీ కొట్టు పెడితేనే అసలు మజా.

ఈ సరదానే ఆన్‌లైన్ గేమ్‌గా మార్చింది జియోగెస్సర్. స్వీడన్‌కు చెందిన ఆంటన్ వాలెన్ 2013లో దీన్ని తీసుకొచ్చారు. గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఏదో ఒక రోడ్డు చూపిస్తారు. అదెక్కడో మ్యాప్‌పై గుర్తించాలి. ఎంత దగ్గరగా చెబితే అన్ని పాయింట్లు. రౌండుకు గరిష్ఠంగా 5,000. ఫ్రెండ్స్ గ్రూపులో అయితే దేశం చెబితే 1, ఊరు కూడా చెబితే 3 అని పెట్టుకున్నా సరిపోతుంది.

ఏం చూడాలి?

ట్రాఫిక్: వాహనాలు ఎడమవైపు వెళ్తున్నాయా, కుడివైపా? భారత్, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఆస్ట్రేలియా, బ్రిటన్, కెన్యాల్లో ఎడమ. అమెరికాలో, యూరప్‌లోని చాలా దేశాల్లో కుడి. ఈ ఒక్క క్లూతోనే సగానికి పైగా దేశాలు పక్కకు పోవచ్చు.

బోర్డులు: చదవడం రాకపోయినా ఏ లిపో గుర్తుపడితే చాలు. థాయ్, ఖ్మేర్, జార్జియన్ లిపులు ప్రధానంగా ఒక్కో దేశానివే. తెలుగు, కన్నడ బోర్డులు మాత్రం దూరం నుంచి ఒకేలా అనిపిస్తాయి. తలకట్టు చూడాలి. తెలుగులో అది టిక్ మార్కులా ఉంటుంది, కన్నడలో అడ్డంగా సాగుతుంది.

నీడ: మనిషి నీడ దాదాపు కాళ్ల కిందకే వచ్చేసిందంటే అది కర్కట, మకర రేఖల మధ్య ప్రాంతం అయ్యుండొచ్చు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది అక్కడే మరి.

మన దేశంలో అయితే: పసుపు రంగు రైల్వే స్టేషన్ బోర్డుపై సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా రాస్తారు. పేరు దాచేసి ఆ అంకె ఒక్కటే ఫొటో తీసి పెడితే భలే పజిల్. చిన్న అంకె కనిపిస్తే కోస్తా వైపు ఆలోచించొచ్చు. 500 మీటర్లు దాటితే దక్కన్ వైపు చూడొచ్చు. రోడ్డు పక్క కిలోమీటరు రాయి పైభాగం పసుపైతే నేషనల్ హైవే, ఆకుపచ్చైతే స్టేట్ హైవే. కారు నంబర్ ప్లేటుపై టీజీ అని ఉంటే తెలంగాణ బండి మాత్రమే కాదు.. ఫొటో 2024 మార్చి తర్వాతదని కూడా అర్థం. అంతకుముందు టీఎస్ ఉండేది.

అసలు జాగ్రత్త ఇక్కడే!

ఫ్రెండ్స్ కనిపెట్టగలిగింది అపరిచితులూ కనిపెట్టగలరు. అందరికీ కనిపించేలా పెట్టిన ఒక్క ఫొటో రెండు విషయాలు చెప్పేస్తుంది. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు, ఊళ్లో ఇంటికి తాళం ఉందా అని. ఒంటరిగా తిరిగేవారికి ఇది మరీ రిస్క్.

* ఆ ఊరు దాటాకే ఫొటో పెట్టాలి. నిన్నటి ఫొటోతో ఆడినా ఆటలో తేడా ఏమీ ఉండదు.
* హోటల్ గది కిటికీ నుంచి తీసిన ఫొటోలు, బోర్డింగ్ పాస్‌లు వద్దు. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో ప్రయాణ వివరాలు ఉంటాయి.
* కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసుకోవాలి. ఆన్‌లో ఉంటే ఫొటో ఫైల్‌లోనే జీపీఎస్ వివరాలు చేరిపోతాయి. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే అవి కూడా వెళ్లిపోతాయి.
* ఇంటికి తాళం వేసి వెళ్లేవారు స్థానిక పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లడం మంచిది.

ఇంకో మాట. గ్రూపులో ఎంత సస్పెన్స్ పెట్టినా, ఇంట్లో ఒకరికైనా ఈ రోజు ఏ ఊళ్లో ఉన్నారో, రేపు ఎక్కడికి వెళ్తున్నారో తెలిసి ఉండాలి. ఫోన్ కలవని రోజున వెతకడం మొదలుపెట్టేది వాళ్లే. అప్పుడు వాళ్ల చేతిలో పజిల్ కాదు, అడ్రస్ ఉండాలి.